చిలక నేర్పిన ఉర్దూ

మా పక్కింటి అమ్మీ, మేడ మీద అద్దెకున్న పిల్లకు నీలం పూల కప్పులో టీ ఇప్పించిన రోజు నాకు కడుపు భగ్గుమంది. దాచడమెందుకు, ఆ మంట నెలల తరబడి ఆరలేదు. ఇంటికొచ్చి పాలగిన్నె మీద మూత విసిరి పడేశాను. పాపం, ఏమీ అనని మా ఆయన మీద ఎగిరాను. యాభై దాటినదాన్ని, చీరలకు ఫాల్ కుట్టుకుంటూ పిల్లల పెళ్ళిళ్ళు చేసినదాన్ని, ఒక టీ కప్పు కోసం అలా అయిపోతానని ఎప్పుడూ అనుకోలేదు.

అమ్మీ నాకు చుట్టం కాదు. కడపలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. కొత్తకోడలిగా నేను ఈ వీధికి వచ్చేనాటికి నాకు గుండీ కుట్టుకోవడం కూడా సరిగ్గా రాదు. అమ్మీ అప్పటికే వీధి మొత్తానికీ చీరలకు ఫాల్ కుట్టి, పీకో చేసి ఇచ్చేది. "ఊరికే కూచుంటే బుర్ర సెడిపోతాది, రా మే" అని నన్ను లాక్కుపోయి మిషను ముందు కూర్చోబెట్టింది. నా పాదం మీద తన పాదం పెట్టి తొక్కించింది. ఆమెకు ఒక్కతే కూతురు, నా ఈడుది. భర్త కువైట్‌లో పనిచేస్తుండటంతో తల్లి దగ్గరే ఉంటుంది. కూతురు అమ్మీ అని పిలుస్తుంటే నేనూ అమ్మీ అన్నాను. ఎవరైనా అడిగితే, "నాకు ఇద్దరు బిడ్డలు. ఒకతె గోడకు ఈ పక్క, ఒకతె ఆ పక్క" అని చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండ కాస్త తగ్గి టీ వేళ అయ్యేసరికి గోడ మీద టంగ్ టంగ్ అని మోగేది. అమ్మీ స్టీలు గ్లాసుతో గోడను కొట్టి నన్ను పిలిచే పిలుపు అది. నేను ఇటునుంచి "వస్తాండామ్మీ!" అని కేకేసి, పెరటి తలుపులోంచి పోయి, ఆమె మంచం కోడుకు ఆనుకుని చల్లటి బండల మీద చతికిలబడేదాన్ని. కొట్టిన గ్లాసులోనే నాకు టీ పోసేది. ఏళ్ళ తరబడి గోడకు కొట్టీ కొట్టీ దాని అంచు సొట్టపోయింది. తాగేటప్పుడు పెదవికి తగలకుండా గ్లాసును కాస్త తిప్పి పట్టుకోవాలి. వాళ్ళ షోకేసులో నీలం పూల కప్పుల సెట్టు ఒకటి ఉండేది. సంబంధాలు మాట్లాడటానికి వచ్చినవాళ్ళకో, దూరపు చుట్టాలకో తప్ప వాటిని బయటికి తీసేవాళ్ళు కాదు. ముప్పై ఏళ్ళలో నేను వాటిని తుడిచానే కానీ వాటిలో తాగలేదు. అప్పట్లో ఆ ఊసే నాకు లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఇన్నేళ్ళు గోడకు ఆనుకుని బతికీ నాకు ఉర్దూ రాలేదు. తల్లీకూతుళ్ళు ఉర్దూలో ఎంత మాట్లాడుకుంటున్నా నా కాలు గడప దాటగానే తెలుగులోకి మారిపోయేవాళ్ళు. అమ్మీ తెలుగు మా అత్త తెలుగు కన్నా బాగుండేది. తిట్టినా నవ్వించినా మా భాషలోనే. వాళ్ళు నాకోసం మారుతున్నారన్న సంగతి కూడా నేను గమనించలేదు. వింటే ముక్క ముక్కలుగా అర్థమయ్యేది, నోట మాత్రం ఒక్క ముక్క పలికేది కాదు.

రెండు వేసవుల కింద అమ్మీకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఆసుపత్రిలో ఆమె నోటికేసి చూస్తూ నేనూ, ఆమె కూతురూ చెరో పక్కన కూర్చున్నాం. కొన్నాళ్ళకు మాట మెల్లగా తిరిగి వచ్చింది. ఉర్దూ వచ్చింది. తెలుగు రాలేదు. పుట్టి పెరిగిన భాష నిలిచి, తర్వాత నేర్చుకున్నది పోవడం కొందరికి జరుగుతుందని డాక్టరు చెప్పాడు. నేను మంచం పక్కన నిలబడి "అమ్మీ, నేను" అంటే నా మొహంలోకి మర్యాదగా చూసి, చిన్నగా నవ్వి, తల ఊపింది. బస్సులో పక్క సీటు ఆవిడను చూసి నవ్వే నవ్వు అది.

"గుర్తుపడతాది మే. మాటే రాదు, అంతే" అనేది ఆమె కూతురు.

నిజంగా గుర్తుపట్టిందా? నన్ను తొలిచేసిన ప్రశ్న అదొక్కటే. ఆమెకు వయసు మీదపడింది. ఆమె పోయేలోగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నన్ను నేనుగా చూసి నోరారా తిట్టాలి. అది తప్ప నాకేమీ వద్దనిపించేది. గోడ మాత్రం చప్పుడు లేకుండా ఉండిపోయింది. టీ వేళకు మిషను ఆపి చెవులు రిక్కించడం నాకు అలవాటైపోయింది.

ఆ సమయంలో దిగబడింది ఆ పిల్ల. గోదావరి వైపు నుంచి బ్యాంకు ఉద్యోగం మీద బదిలీపై వచ్చి, వాళ్ళ మేడ మీద గదిలో అద్దెకు చేరింది. సన్నగా, చలాకీగా ఉండేది. కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళతో మాట్లాడటానికి పనికొస్తుందని ఫోనులో ఏదో ఉచిత యాప్ పెట్టుకుని ఉర్దూ నేర్చుకుంటోందట. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, వీధి తలుపు తట్టి లోపలికొచ్చి, అమ్మీ ఎదురుగా కుర్చీలో కూర్చుని నేర్చుకున్నవన్నీ అప్పజెప్పేది. అమ్మీజాన్ అట! చాల్లే సంబడం. మా అమ్మీకి జాన్ తగిలించడానికి ఇదెవతె?

ఒకరోజు నేను పెరటి వైపు నుంచి వెళ్ళేసరికి అమ్మీ నవ్వుతోంది. ఒళ్ళు కదిలేలా, పాత నవ్వు. జబ్బు చేశాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి. అది నా వల్ల రాలేదు, ఆ పిల్ల వల్ల వచ్చింది. అమ్మీ ఎడమ చేత్తో షోకేసు చూపించి ఏదో అంది. కూతురు వెళ్ళి నీలం పూల కప్పు, సాసరు తీసి, కడిగి, టీ పోసి, సాసరులో రెండు బిస్కెట్లు పెట్టి ఆ పిల్ల చేతికిచ్చింది. నాకు సొట్ట గ్లాసులో పోసి ఇచ్చింది. నేను తలుపు పక్కన బండల మీద కూర్చుని, ఆ గ్లాసును తిప్పి పట్టుకుని, ఆ పిల్ల మునివేళ్ళతో కప్పు ఎత్తడం చూశాను. కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానంటే తప్పు లేదు. ముప్పై ఏళ్ళు వాళ్ళ బూజు దులిపితే నాకు సొట్ట గ్లాసా, మొన్న వచ్చినదానికి పూల కప్పా!

పైగా మెట్ల దగ్గర ఎదురుపడినప్పుడు ఆ పిల్ల, "నాకెప్పుడూ ఆ కప్పులోనే ఇస్తారండీ ఆంటీ" అంది. గొప్పలు చెబుతోందనుకున్నాను. "అదృష్టవంతురాలివి లేమ్మా" అని మూతి తిప్పుకుని వచ్చేశాను.

అంతే, నాకూ పట్టుదల వచ్చింది. దానికి వచ్చింది నాకు రాదా? ఆ యాప్‌నే నా ఫోనులో దించుకున్నాను. తెలుగు నుంచి నేర్పేది దొరకలేదు, ఇంగ్లీషు నుంచి నేర్పేదే ఉంది. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషు దుమ్ము దులిపాను. అందులో ఒక చిలక బొమ్మ ఉంటుంది. సరిగ్గా చెబితే రెక్కలు కొట్టుకుంటుంది, తప్పు చెబితే తల వేలాడేస్తుంది. పాఠానికీ పాఠానికీ మధ్య బంగారం తాకట్టు ప్రకటనలు. ఒకపూట నేర్చుకోకపోతే "మమ్మల్ని మరిచిపోయారా" అని ఆ చిలక కన్నీళ్ళు పెట్టుకునేది. దాని ఏడుపు కన్నా నా ఏడుపే ఎక్కువ అప్పట్లో.

ఆ చిలక ఏం నేర్పిందని! ఒంటె నీళ్ళు తాగుతోంది. నా సోదరుడు వైద్యుడు. రాజుగారి తోటలో గులాబీలున్నాయి. నేను మిషను తొక్కుతూ ఇవన్నీ పైకి వల్లించేదాన్ని. బస్సు డిపోలో పనిచేసి రిటైరై ఇంట్లో కూర్చున్న మా ఆయనకు నేను మంచి కాలక్షేపమయ్యాను.

"ఏమ్మే, ఆ ఒంటెను యాడ కట్టేస్తావు? మన పెరట్లో స్థలం ల్యా" అనేవాడు.

"నీ పక్కన కట్టేస్తా. గడ్డి ఇద్దరూ పంచుకుందురు గాని."

"అయినా ఆ ముసలామెకు తెలీని ఒంటె సంగతి నువ్వు సెప్పేదేముండాది?"

"నీకేం తెలుసు, నోర్మూసుకో" అనేదాన్ని. నిజానికి ఆ మాట నా మనసులోనూ ఉంది. కానీ మేడ మీది పిల్ల నేర్చుకుంటుంటే నేను ఊరుకోగలనా? నేను కూడా యాప్ పెట్టుకున్నానని ఎలా తెలిసిందో ఏమో, ఆ పిల్ల తన ఫోనులోంచి నన్ను స్నేహితురాలిగా కలుపుకుంది. దాంతో ఫోను తెరవగానే మార్కుల పట్టికలో దాని పేరు పైన, నా పేరు అట్టడుగున. నేను పులుసు పొయ్యి మీద పెట్టి రెండు పాఠాలు ముగిస్తే అది బస్టాపులో నిలబడి నాలుగు ముగించేది. ఆ పట్టుదలలో పులుసు మాడిన రోజులున్నాయి. ఒకరి కొత్త పట్టుచీరకు ఫాల్ తిరగేసి కుట్టి, మళ్ళీ మొత్తం విప్పిన రోజూ ఉంది.

ఈ నేర్చుకునే రోజుల్లో నేను అమ్మీ దగ్గరికి వెళ్ళడం తగ్గించాను. వెళితే ఆ పిల్ల కూర్చుని ఉంటుంది, చూడలేను. పూర్తిగా వచ్చాకే వెళ్ళి అందరి నోళ్ళూ మూయించాలని నా ఆలోచన. అమ్మీ కూతురు పెరటి గోడ మీదుగా, "ఏంది మే, ఈ పక్కకే రాకుండాపోతివి? కోపమొచ్చిందా ఏమన్నా?" అని అడిగితే "పెళ్ళిళ్ళ సీజను గదా, పని శానా ఉండాది" అని తప్పించుకున్నాను.

మామిడిపండ్లు దిగిన రోజుల్లో ఒకనాడు నాకు ధైర్యం వచ్చింది. పలకరింపుల పాఠాలన్నీ తప్పు లేకుండా ముగించాను, చిలక రెక్కలు కొట్టుకుంది. ఆదివారం తలంటుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకున్నాను. సంచీ నిండా బంగినపల్లి పండ్లు తీసుకున్నాను. ఆ పిల్ల ఎలా వెళ్ళేదో అలాగే వెళ్ళాలనుకుని, పెరటి వైపు కాకుండా వీధిలోకి దిగి, ముందు తలుపు తట్టాను. ముప్పై ఏళ్ళలో ఆ తలుపు తట్టడం అదే మొదలు. అమ్మీ కూతురు తలుపు తీసి నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"యాడికన్నా పెండ్లికి పోతాండావా?"

లోపలికి వెళ్ళి, పండ్లు బల్ల మీద పెట్టి, ఆ పిల్ల కూర్చునే కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అమ్మీ దిండుకు ఆనుకుని ఉంది. గొంతు సవరించుకుని, చిలక నేర్పినట్టు ఆదాబ్ చెప్పాను. మీ ఆరోగ్యం ఎలా ఉందని అడిగాను. నా పేరు చెప్పుకున్నాను. అన్నిట్లోకీ నాకు బాగా వచ్చిన వాక్యం ఒకటుంది, మొదటి పాఠంలోది. అది కూడా తడబడకుండా చెప్పేశాను. "ఆప్ సే మిల్‌కర్ బహుత్ ఖుషీ హుయీ." మిమ్మల్ని కలుసుకోవడం చాలా సంతోషం.

అమ్మీ మొహం వెలిగింది. దిండు మీద కాస్త పైకి జరిగి, ఎడమ చేత్తో నెత్తిమీద ముసుగు సవరించుకుంది. ఎంతో మర్యాదగా ఏదో అడిగింది. ఎక్కడినుంచి వచ్చారని అడుగుతోందని నాకు అర్థమైంది. అదీ పాఠంలో ఉన్న ప్రశ్నే. ఆమె కూతురి వైపు తిరిగి ఎడమ చేత్తో షోకేసు చూపించింది. మెహ్‌మాన్ అన్న మాట వినిపించింది. ఇంటికి చుట్టం వచ్చిందట.

అమ్మీ కూతురు కదల్లేదు. "ఏంది మే ఇది? పెండ్లిచూపులకొచ్చినట్ల మాట్లాడ్తాండావు" అంది. అమ్మీ మళ్ళీ, ఈసారి గట్టిగా, షోకేసు చూపించింది. వచ్చిన మనిషిని ఊరికే కూర్చోబెడతావా అన్న కోపం. కూతురు చేసేదేమీ లేక వెళ్ళి కప్పు తీసింది.

నీలం పూల కప్పు నా చేతికి వచ్చింది. సాసరులో రెండు బిస్కెట్లు. నెలల తరబడి నేను ఏడ్చింది దీనికోసమే. అంచు నున్నగా ఉంది, ఎటు తిప్పి తాగినా పెదవికి ఏమీ తగలదు. ఎదురుగా అమ్మీ, నన్ను తాగమని మర్యాదగా సైగ చేస్తోంది. ఆ కప్పు ఇచ్చేది ఎవరికో నాకు అప్పుడు తెలిసొచ్చింది. దాన్ని పట్టుకుని కూర్చోవడం నా వల్ల కాలేదు. నా మొహం మండా, నేనేం చేసుకున్నాను? ఇన్నాళ్ళూ కుళ్ళిపోయి, చిలక కాళ్ళు పట్టుకుని, చివరికి నా ఇంటికి నేనే చుట్టంగా వచ్చాను.

కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీదు. చరచరా లేచి వంటింట్లోకి వెళ్ళాను. గోడకున్న చెక్క అరలో, ఎప్పుడూ ఉండే మూలలోనే నా సొట్ట గ్లాసు బోర్లించి ఉంది. కప్పులో టీ దాంట్లో ఒంపాను. వచ్చి, మంచి చీర నలిగితే నలిగిందని, మంచం కోడుకు ఆనుకుని బండల మీద చతికిలబడ్డాను. గ్లాసు తిప్పి పట్టుకుని జుర్రుమని తాగాను. కళ్ళ నీళ్ళు టీలో పడుతున్నాయి, పడనీ అనుకున్నాను. "నాకు ఉర్దూ వద్దు, ఏమొద్దు, నేనిట్లే తాగుతా" అని తెలుగులోనే గొణిగాను.

అమ్మీ నా చేతిలోని గ్లాసు వైపు చూసింది. నా వైపు కాదు, గ్లాసు వైపే. చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ చెయ్యి చాచింది. నేను తాగేసిన గ్లాసు ఆమె చేతిలో పెట్టాను. వేలితో దాని అంచు తడిమింది, సొట్ట దగ్గర ఆగింది. ఒళ్ళంతా కష్టపడి పక్కకు తిప్పుకుని, ఎడమ చేతిలోని ఆ గ్లాసుతో గోడను కొట్టింది.

టంగ్. టంగ్.

రెండేళ్ళుగా మూగబోయిన గోడ. కొట్టి, గోడ వైపే చెవి పెట్టి, అవతలినుంచి ఏమన్నా వినిపిస్తుందేమోనని ఎదురుచూస్తోంది. నన్నే పిలుస్తోంది. నేను ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని ఉన్నాను.

"అమ్మీ, ఈడనే ఉండాది గదా" అని ఆమె కూతురు ఏడుపు ఆపుకుంటూ చెప్పబోయింది. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. లేచి, పెరటి తలుపులోంచి బయటపడి పరుగెత్తాను. చీర కుచ్చిళ్ళు తులసి కుండీకి తగులుకుంటే చిరిగితే చిరిగిందని లాక్కుని, మా ఇంట్లోకి దూరాను. పేపరు చదువుకుంటున్న మా ఆయన "ఏమైంది మే" అని లేచి నిలబడ్డాడు. గోడకు నోరు ఆనించి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

"వస్తాండామ్మీ!"

మళ్ళీ పెరటి వైపు నుంచి లోపలికి వెళ్ళేసరికి అమ్మీ తలుపుకేసి చూస్తోంది. ఈసారి నా మొహంలోకే చూసింది. ఆ చూపులో మర్యాద లేదు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి.

"ఇత్తీ దేర్ కైకూ?" అంది. ఇంత ఆలస్యమెందుకే అని. ఆ మాట ఏ చిలకా నాకు నేర్పలేదు.

"పనుండె అమ్మీ" అన్నాను నేను, కింద కూర్చుంటూ.

ఆమె ఇంకా విసుక్కుంటూనే గ్లాసు నా చేతిలోకి తోసింది, తాగమన్నట్టు గడ్డం ఎగరేసింది. దాంట్లో టీ చుక్క లేదు. సొట్ట పెదవికి తగలకుండా తిప్పి పట్టుకుని, ఎత్తి తాగాను.